చివరి బెంచీ లేని బడి

ఆ ఉదయం పెద్ద టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం తనిఖీ అధికారి వస్తాడు. ఆయన మెచ్చితే బడికి పదో తరగతి మంజూరవుతుంది. లేకపోతే తొమ్మిది పూర్తిచేసిన ఆడపిల్లలు ఎప్పటిలాగే ఇంటిపట్టున ఉండిపోతారు, ఎందుకంటే పదో తరగతి ఉన్న బడి చాలా దూరం. ఏటా ఆ పిల్లల్ని నవ్వుతూ సాగనంపి, ఇంటికెళ్ళి ఏడ్చే మనిషి ఆవిడ.

తెలివైనవాళ్ళు ముందు, మొద్దులు వెనక అనే పద్ధతి ఇక చెల్లదని కొత్త సంస్కరణ వచ్చింది. పిల్లల్ని కలగలిపి కూర్చోబెట్టించాలని ఆవిడ డ్రిల్లు మాస్టారిని పిలిచింది. "ఇవాళ్టి నుంచి మన బడిలో చివరి బెంచీ అనేది ఉండకూడదు మాస్టారూ" అంది. అంతలో ఫోను మోగితే లోపలికెళ్ళిపోయింది.

డ్రిల్లు మాస్టారు పెద్దలు గీసిన గీత దాటడు. తొమ్మిదో తరగతి చివరి బెంచీని మోయించి మైదానంలో పెట్టించాడు. తిరిగొచ్చి చూస్తే గదిలో ఇంకో చివరి బెంచీ ఉంది. దాన్నీ మోయించాడు. మళ్ళీ ఒకటి తేలింది. ఇలాగైతే ఒక్కటీ మిగలదని లెక్కల టీచరు చెప్పిచూసింది గానీ, ఆర్డరు ఆర్డరేనన్నాడాయన. ఒకే ఒక్క బెంచీ మిగిలినప్పుడు మాత్రం ఆయనా కాస్త తటపటాయించాడు. అది మొదటిదా, చివరిదా? రెండూ అదేనని తేల్చుకుని, దాన్నీ సాగనంపి, పక్క తరగతి మీద పడ్డాడు.

ఫోను పెట్టేసి బయటికొచ్చిన పెద్ద టీచరమ్మకు మైదానంలో బెంచీల గుట్ట కనిపించింది.

"ఏమిటిది మాస్టారూ?"

"మీరు చెప్పిందేనండీ. ఆరో తరగతి ఒక్కటే మిగిలింది."

అన్నీ వెనక్కి తెమ్మని ఆవిడ మొత్తుకుంది. ఆ హడావిడిలో మొదటి బెంచీయే తొమ్మిదో తరగతి గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుని, అటు తోసినా ఇటు లాగినా కదలనంది. సరిగ్గా అప్పుడే, చెప్పిన వేళకంటే ముందే, అధికారి దిగాడు. ఆయన నడుం వంచి బెంచీ కిందనుంచి గదిలోకి దూరాడు.

లోపల పిల్లలు ఆనుకోవడానికి వీలుగా బోర్డున్న గోడ వదిలేసి మిగిలిన మూడు గోడల వెంటా చతికిలబడ్డారు. ఎవరు ముందో ఎవరు వెనకో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. అధికారి తన కాళ్ళ దగ్గరున్న పొట్టి పిల్లను లేపి, బోర్డు మీది లెక్క చెప్పమన్నాడు. పెద్ద టీచరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడాదంతా నోరు విప్పక, మొద్దని పేరుపడిన పిల్ల అది.

ఆ పిల్ల గడగడా చెప్పేసింది. ఎవరు నేర్పారమ్మా అని అడిగాడాయన.

"టీచరుగారు రోజూ చెప్తూనే ఉన్నారండీ. వెనకనుంచి నాకు తలకాయలే కనిపించేవి. ఇవాళే బోర్డు కనిపించింది."

పెద్ద టీచరమ్మకు సిగ్గూ సంతోషమూ కలిసి కన్నీళ్ళయ్యాయి. ఇన్నాళ్ళూ మొద్దన్నది ఈ పిల్లనా అనుకుంది. ఈ ఏర్పాటు ఎవరి ఆలోచనని అధికారి అడిగితే ఆవిడ డ్రిల్లు మాస్టారిని చూపించింది. ఆయన నిటారుగా నిలబడి, "ఆర్డరు మేడంగారిదేనండీ" అన్నాడు.

పదో తరగతి అక్కడికక్కడే మంజూరైంది. తొమ్మిదో తరగతి ఆడపిల్లల కేకలకు బడి దద్దరిల్లింది. సంస్కరణలకు ఇలాంటి ముందుచూపు కావాలని అధికారి నివేదికలో రాశాడు. పెద్ద టీచరమ్మ కాదనలేదు.