ఆరు కెమెరాలు, ఒక అంబాసిడర్

ఊళ్లు తిరుగుతూ ఫోటోలు తీసేవాళ్లను ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునేది లేదు. మన జగిత్యాల, సిరిసిల్ల పల్లెల వంక ఈ రోజుల్లో ఆగి చూసేది వాళ్లు కాక ఇంకెవరండీ?

సిరిసిల్లలో నూలు లేక ఆగిపోయిన మగ్గాన్ని అంతకుముందు ఎవరైనా పట్టించుకున్నారా? ఇప్పుడు అదే మగ్గానికి రోజుకు ఇరవై ఫోటోలు! మూరెడు గుడ్డ రాకపోతేనేం, పేరొచ్చింది. కోరుట్ల దగ్గర ఒక బర్రె, కెమెరా కనబడగానే నెమరు ఆపేసి అందమైన వైపు ముఖం తిప్పుతుంది. రాయికల్ తోవలో కల్లు గీయడానికి తాడిచెట్టెక్కిన గౌడన్నను "కొంచెం ఎండ తగ్గనివ్వండి, లైటింగ్ బాగుంటుంది" అని సగం చెట్టు మీదే ఆపారు. ఆయన దిగేసరికి కింద నిలబడ్డ మనవడికి మీసాలు మొలిచాయి. అబద్ధమైతే ఆ బర్రెనే అడగండి.

అంతదాకా ఎందుకు, జలపతి సంగతి చూడండి. రాయికల్ పక్క పల్లెలో ఆయనకొక పాత అంబాసిడర్ ఉంది. ఊళ్లో నడుము గట్టిగా ఉన్న మగవాళ్లందరినీ గల్ఫ్ కోసం జగిత్యాల బస్టాండులో దిగబెట్టింది అదే. చివరికి కొడుకు రమణను కూడా. ఐదేళ్లయింది. అక్కడ కంపెనీ మూతపడి, రమణ ఒట్టి చేతులతో ఆ పొద్దు తిరిగొస్తున్నాడు.

"ఊరందరు చూడంగ సంచి పట్టుకొని బస్సు దిగి నడుస్తడా? కారుల పోయిండు, కారులనే రావాలె" అన్నాడు జలపతి, భార్య రాజవ్వతో.

కారు మాత్రం మొండికేసింది. తోస్తే తప్ప స్టార్ట్ కాదు. ఆయన స్టీరింగ్ పట్టుకుంటే, అరవై ఏళ్ల రాజవ్వ వెనక నుంచి తోసింది.

సరిగ్గా అప్పుడే హైదరాబాద్ నుంచి ఆరుగురు దిగారు, ఆరు కెమెరాలతో.

"వావ్, వింటేజ్!" అంది వాళ్లలో కళ్లజోడు పిల్ల. "అంకుల్, ఆ దుమ్ము తుడవకండి. ఆంటీ, ఇంకోసారి తోయండి. ముఖం ఇటు, నాచురల్‌గా."

రాజవ్వ మూడుసార్లు నాచురల్‌గా తోసింది. కారు మూడడుగులు కదిలింది. ఆరుగురిలో ఒక్కరూ కెమెరా దించలేదు. దించితే కళ ఏమైపోవాలి?

రాజవ్వ కొంగుతో చెమట తుడుచుకుంది. "గా కెమెరా నాకియ్యి బిడ్డా. మీరందరు ఎన్కకు పోయి కారు మీద చేతులెయ్యిండ్రి. మీ ఫోటో నేను తీస్త."

తమ ఫోటో అనేసరికి ఆరుగురూ పరుగెత్తారు.

"గట్ల ఊకె ముట్టుకుంటె దొంగ ఫోటో లెక్కుంటది. నూకుండ్రి. ఇంకింత గట్టిగ నూకుండ్రి."

వాడ చివరికి చేరేసరికి ఇంజను అందుకుంది. రాజవ్వ కెమెరా తిరిగిచ్చి, ముందు సీట్లో కూర్చుంది.

"ఫోటో వచ్చిందా ఆంటీ?"

"నొక్కుడు నాకేమెరుక బిడ్డా. మీరు మాత్రం మస్తు నూకిండ్రు."

జగిత్యాల బస్టాండు ముందు కూడా జలపతి ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ తోసేదెవరు? తోసే చేతులన్నీ ఎడారిలో ఉన్నాయి. ఫోటోల వాళ్లు రోజూ రారు కదా!

రమణ బస్సు దిగాడు, ఒక్క సంచితో. తండ్రిని చూశాడు. గడగడలాడుతున్న కారును చూశాడు.

"బంద్ చెయ్యి బాపూ, చాయ్ తాగి పోదాం. నూకెటందుకు నేనున్న గద."

జలపతి ఇంజను ఆపేశాడు.