గడ్డిటోపీ చెప్పులు

శుక్రవారం పొద్దున ముత్తన్న అట్టపెట్టె కట్టాలనుకున్నాడు. అడుగున పాలపొడి డబ్బాలు, మధ్యలో దుప్పటి, పైన భార్య మల్లక్కకు కొన్న చీరలు. ఆ పైన నైలాను తాడు. నాలుగేళ్లకు దొరికిన సెలవు. వచ్చే గురువారం విమానం. పెట్టె మీద పేరు, ఊరు రాయడం ఒక్కటే మిగిలింది.

తాడు సగం బిగించేసరికి చినబాబు కథ మొదలుపెట్టాడు. అక్కడితో ముత్తన్న పని చెడింది.

కువైట్‌లో, ఫర్వానియాలోని ఆ గదిలో ఉన్నవాళ్లంతా అమ్ఘరాలో ఒకే తుక్కు కాగితాల షెడ్డులో పని చేస్తారు. గదిలో వంట వంతులవారీగా సాగుతుంది. ఎవరి వంతు తప్పినా పెద్ద గొడవ. చినబాబుకు మాత్రం వంతు లేదు. అతను కోనసీమ మనిషి. వంట చేయకుండా బతకడానికి మనిషికి ఏదో ఒక విద్య ఉండాలని తొందరగానే గ్రహించాడు. అతని విద్య గడ్డిటోపీ కథ.

గడ్డిటోపీ అంటే జపాను సమురాయ్. రాజు పోయాడు, కొలువు పోయింది, కత్తి ఒక్కటి మిగిలింది. ఊరూరా తిరుగుతుంటాడు. ఎన్నో ఏళ్లుగా వస్తున్న బొమ్మల కథ, అరబ్బీలో. దుకాణాలవాళ్లు అమ్ముడుపోని పుస్తకాల అట్టలు చింపుకొని, మిగిలిన పుస్తకాన్ని తుక్కులో పడేస్తారు. ఆ తుక్కులోంచే చినబాబు ఒక్కొక్కటీ ఏరి తెచ్చేవాడు. అరబ్బీ అతనికి రాదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. అయినా బొమ్మకు భాష ఏమిటి? బొమ్మలు చూసి మాటలు తనే కల్పించి, శుక్రవారం శుక్రవారం చెప్పేవాడు.

ఆ కథల్లో చచ్చినవాళ్లు లేచేవారు. దిగిన కత్తి బయటికి వచ్చేది, గాయం మూసుకునేది. కాలిన సత్రం నిప్పులోంచి కొత్తగా నిలబడేది. గడ్డిటోపీకి ఏదో మహిమ ఉందని గదిలో అందరూ నమ్మారు. మహిమ ఉన్నవాడి కథకు వంట మాఫీ చేయడం వాళ్లకు ఎక్కువ అనిపించలేదు.

ఈసారి దొరికింది లావుపాటి ప్రత్యేక సంచిక. పాత చోట్లన్నీ ఉన్నాయి. పలకలు ఊడిన వంతెన, పడవల రేవు, ఒంటికన్ను ముసలాడి సత్రం, కొండ కింద టీ కొట్టు. ఆ టీ కొట్టు ఆడమనిషి గడ్డిటోపీకి మనసిచ్చిందని, అతను ఆగకుండా వెళ్లిపోయాడని గదిలో పాత బాధ. ఆ వంతెన మీద ఎక్కడ అడుగు వేయకూడదో వాళ్లకు తెలిసినంతగా, సొంత ఊళ్లో బురద ఎక్కడుంటుందో గుర్తులేదు.

చినబాబు మొదటి పేజీ తిప్పాడు. పేజీ నిండా ఒకటే బొమ్మ. టీ కొట్టు తలుపు మూసి ఉంది. గడప ముందు ఒక జత మగ చెప్పులు.

"చూశారా అండి. మనోడు ఇన్నేళ్లకి తిరిగొచ్చాడు. వచ్చేసరికి గుమ్మంలో ఎవడివో చెప్పులు. లోపల్నించి నవ్వులు."

నవ్వులు బొమ్మలో లేవు. చినబాబు చేర్చాడు. కథ చెప్పేవాడికి ఆపాటి స్వేచ్ఛ లేకపోతే వంట చేసుకోవడమే నయం.

తర్వాతి పేజీల్లో ఆ ఆడమనిషి వాకిట్లో నిలబడి ఏడ్చింది. గడ్డిటోపీ రోడ్డు మీద కనిపించాడు. సత్రం ముసలాడు ఏడ్చాడు. రేవులో పడవవాడు ఏడ్చాడు. చివరికి ఊరు దాటి, వంతెన దాటి, మంచులో గడ్డిటోపీ ఒక్కడే మిగిలాడు. ముత్తన్న లేచి వచ్చి పుస్తకంలోకి వంగి చూశాడు. గడప ముందున్న చెప్పులకు తెగిన పట్టీ స్థానంలో తాడు ముక్క కట్టి ఉంది. మంచులో నిలబడ్డ గడ్డిటోపీ చెప్పులకూ అలాగే ఉంది. అదేమిటని అడిగాడు.

"ఆ దేశంలో చెప్పులన్నీ ఒకటే రకం ముత్తన్నా. ఒకటే చోట తెగుతాయి" అన్నాడు చినబాబు.

ముత్తన్న తాడు వదిలేశాడు. తర్వాత కింది బకాలా కొట్లో ఫోను కార్డు కొని, మెట్ల మీద నిలబడి ఇంటికి చేశాడు. నాలుగేళ్లుగా ప్రతి నెలా చేస్తున్నాడు. ఈసారి బాగోగులు అడగలేదు.

"వాకిట్ల మొగోళ్ల చెప్పులున్నయా?"

అవతల మల్లక్క వెంటనే ఎదురడిగింది.

"ఉన్నయ్. ఉంటేంది?"

"ఎవలియి?"

"వచ్చే బేస్తారం వస్తనంటివి. ఏం వండాల్నని అడుగుతవనుకున్న. చెప్పులడుగుతున్నవా? ఎవలియో చెప్తా, ఇను..."

కార్డులో నిమిషాలు అయిపోయాయి. ఇంకో కార్డు కొనాలని ముత్తన్నకు తోచలేదు. అనుమానపడాలన్నా ఇంట్లో ఒక మనిషి ఉండాలి. తనకు అలాంటి మనిషి ఉందన్న సంగతి అతనికి పట్టలేదు.

శనివారం షెడ్డుకు వెళ్లగానే ఫోర్‌మాన్ అబ్దుల్ సలాంతో తనకు సెలవు వద్దన్నాడు. కారణం అడిగితే ఇంట్లో పని లేదన్నాడు. ఆ షెడ్డులో ఒకసారికి ఒక్కడికే సెలవు. వద్దన్నవాడిది వరుసలో తర్వాతివాడికి పోతుంది, వాడిని అడిగేది ఏమీ ఉండదు. అబ్దుల్ సలాం సాయంత్రానికల్లా టికెట్టు మీద పేరు మార్పించాడు.

వరుసలో తర్వాతివాడు చినబాబు.

చినబాబు ఆరేళ్లుగా ఇంటికి వెళ్లలేదు. వీసా ఇచ్చిన కఫీల్ సెలవు ఇవ్వడం లేదని భార్య సూరాయమ్మకు చెబుతున్నాడు. సెలవు వచ్చినప్పుడల్లా వెనకవాడికి వదిలేశాడు. అతనికి వేరే ఊళ్లో వేరే సంసారం ఉందని ఎవరైనా అనుకుంటే అది అతనికి చేసే మర్యాద. అతనికి ఉన్నదల్లా మంచం, శుక్రవారం, వండిపెట్టేవాళ్లు. సూరాయమ్మ ఎదుట నిలబడి ఆరేళ్ల లెక్క చెప్పడం కంటే మంచులో నిలబడటం నయమని అతని అభిప్రాయం.

పట్టీ తెగిన చెప్పులతోనే పరుగున వెళ్లి వద్దన్నాడు. ఒకే రోజు ఇద్దరు వద్దంటే షెడ్డులో ఏదో కుట్ర ఉందని అబ్దుల్ సలాం అనుమానించాడు. ఇతను వెళ్లకపోతే ఇకమీదట ఎవరికీ సెలవు లేదని కూడా చెప్పాడు. దాంతో గది మొత్తం చినబాబు మీద పడింది. వెళ్లి తీరాలన్నారు.

ఇక ముత్తన్న మనసు మార్చడం ఒక్కటే దారి. గడ్డిటోపీ మళ్లీ వెనక్కి వెళ్లినట్టు ఏదైనా ముక్క పుస్తకంలో దొరక్కపోతుందా అని చినబాబు ఆశపడ్డాడు. బొమ్మల్లో దొరకలేదు. రాతలో ఉండొచ్చు. పక్క వీధిలో ఒక కువైటీ ఇంట్లో పని చేసే ఆసియా బీ దగ్గరికి పుస్తకం పట్టుకెళ్లాడు. ఆమెది కడప వైపు. ఆ ఇంట్లో పిల్లల్ని పెంచి, వాళ్లతో పాటే చదవడం నేర్చింది. ముత్తన్నను కూడా వెంట రమ్మన్నాడు. అతను దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

చెప్పుల బొమ్మ తీసి, మూలనున్న ఆ చిన్న మాట ఏమిటని అడిగాడు చినబాబు.

"సమాప్తం అనుంది" అంది ఆసియా బీ.

"మొదట్లోనే సమాప్తం ఏటండీ?"

"యాడ మొదలు? ఇది ఆఖరు పేజీ నాయనా. అరబ్బీ పుస్తకం కుడి పక్క నుంచి తిప్పాల. మా ఇంట్లో చంటోడికి గుడక తెలుసు."

ఆమె తిప్పింది. మంచులోంచి గడ్డిటోపీ బయల్దేరాడు. వంతెన దాటాడు. రేవులో పడవవాడు అతన్ని చూసి సంతోషంతో ఏడ్చాడు. సత్రం ముసలాడు ఏడ్చాడు. టీ కొట్టు ఆడమనిషి ఏడ్చి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. చివరి పేజీలో తలుపు మూసి ఉంది. బయట తాడు కట్టిన చెప్పులు ఉన్నాయి.

"ఆయన చెప్పులే కదా. ఇడిసి లోపలికి పాయె. ఏం, మీ ఊర్లో చెప్పులేసుకునే ఇంట్లోకి పోతారా?" అంది ఆసియా బీ.

ముత్తన్న గోడ వదిలాడు. మెట్లకు కూడా పోలేదు, పక్క కొట్లో కొత్త కార్డు కొని అక్కడే గీకి ఫోను చేశాడు.

"మల్లక్కా, గా చెప్పులు నాయేనా?"

"నీయే. పోయిన్నాడు ఇడిచిపోతివి. ఇంట్ల మొగదిక్కున్నదని నలుగురు అనుకోవాల్నని గడప ముందట పెట్టిన. దినాం దుమ్ము దులిపిన."

"ఇప్పుడున్నయా?"

"లేవు. నువ్వడిగిన్నాడే బాయిల ఏసిన."

ఆమె పెట్టేసింది. ముత్తన్న అబ్దుల్ సలాం దగ్గరికి పరిగెత్తాడు. పేరు మారింది, పాస్‌పోర్టు మీద ముద్ర పడింది, ఖలాస్ అన్నాడు అబ్దుల్ సలాం. మళ్లీ వరుస తిరిగి వచ్చేదాకా ముత్తన్న ఆగాలి. ఎంత కాలమో అడిగితే ఆయన నవ్వాడు.

ముత్తన్న ఆ రాత్రి అట్టపెట్టె విప్పి, చీరల మీద ఒక జత కొత్త మగ చెప్పులు పెట్టి మళ్లీ కట్టాడు. పెట్టె చినబాబు చేతికిచ్చాడు. విమానం హైదరాబాదులో దిగుతుంది. ముందు మా ఊరు పోయి ఈ చెప్పులు గడప ముందు పెట్టు, పుస్తకం తీసుకుపోయి జరిగిందంతా మల్లక్కకు నువ్వే చెప్పు, చెడగొట్టినవాడివి నువ్వే కదా అన్నాడు. చినబాబు వెంటనే ఒప్పుకున్నాడు. సూరాయమ్మ దగ్గరికి ఎంత చుట్టు తిరిగి వెళితే అంత మంచిది.

చినబాబు వెళ్లిన మర్నాడు, శుక్రవారం, గదిలో గడ్డిటోపీ కథ ముత్తన్న చెప్పాడు, సరైన వైపు నుంచి. చచ్చినవాళ్లు చచ్చే ఉన్నారు. ఎవరికీ నచ్చలేదు. వంట వంతు అతనికి మాఫీ కాలేదు.

తర్వాతి శుక్రవారం ఇంటికి ఫోను చేస్తే మల్లక్క ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. పక్కింటి గంగామణికి చేసి, గోడ మీదుగా ఒకసారి చూసి చెప్పమన్నాడు.

"తలుపు దగ్గరికేసి ఉన్నదన్నా. గడప ముందట రెండు జతల చెప్పులున్నయ్."

"ఒకటి కొత్తది నాదే. రెండోది పట్టీ తెగి ఉన్నదా? అది మా గదిల ఉండే చినబాబుది. నేనే పంపిన" అన్నాడు ముత్తన్న. తనకు ఇప్పుడు చెప్పుల సంగతి బాగా తెలుసునన్న ధీమా ఉంది గొంతులో.

"గట్లనా. నిన్న కూడ ఉండె. ఏం కథ చెప్తుండో ఏమో, లోపట్నించి ఒకటే నవ్వులు."

కార్డులో నిమిషాలు ఇంకా ఉన్నాయి. ముత్తన్న ఫోను పెట్టేశాడు. చినబాబు కథ బాగా చెబుతాడని అతనికి ముందునుంచీ తెలుసు.