ఫ్లెక్సీ కింద చదువులు

ఫ్లెక్సీలను తిట్టేవాళ్ళు పసిపిల్లల శత్రువులు! ఈ మాట ఎవరి ముందైనా అంటాను. కావాలంటే మైకు తెచ్చుకోండి.

రోడ్డుకు అడ్డమనీ, ఆ మొహాలు చూడలేక చస్తున్నామనీ మీ గోల. చూడమని మిమ్మల్నెవరన్నారు? ఫ్లెక్సీ చూడ్డానికి కాదండీ, కప్పుకోవడానికి!

నేనొక బాలల సేవా సంస్థకు ప్రచార కార్యదర్శిని. దిక్కులేని పిల్లల కోసం నడిచే ఒక బడికి మేం సేవ చేస్తుంటాం. నలభైమంది పిల్లలు, ఒకే గది, ఒకే టీచరమ్మ. కిందటిసారి మనిషికో పెన్సిలు పంచాం. పెన్సిలు బెత్తెడు, ఫ్లెక్సీ పన్నెండడుగులు. దాన్నిండా మా అధ్యక్షులవారి నవ్వుమొహం. తప్పేముంది? పెన్సిలు దూరానికి కనబడదు కదా!

ఆ గదికి రేకుల కప్పు. దాని చిల్లులు జల్లెడతో పోటీకి నిలబడతాయి. రేకులు మార్పించమని టీచరమ్మ మూడేళ్ళుగా అర్జీలు పెడుతోంది. మా కార్యవర్గం మూడేళ్ళుగా సానుభూతితో పరిశీలిస్తోంది. చిక్కల్లా ఒక్కటే. పెన్సిలైతే పిల్ల చేతిలో పెట్టి ఫోటో దిగొచ్చు. కప్పును ఎవరి చేతిలో పెడతాం? పోనీ పైకెక్కి దిగుదామంటే అధ్యక్షులవారికి మోకాళ్ళ నొప్పులు!

చివరికి టీచరమ్మ మాకు చెప్పాపెట్టకుండా ఆ ఫ్లెక్సీని రేకుల కింద తాళ్ళతో బిగించి కట్టేసింది. మా సంస్థ చరిత్రలో పిల్లలకు నిజంగా అక్కరకొచ్చిన మొదటి వస్తువు అదే!

మొన్న వానాకాలంలో అధ్యక్షులవారు బడి చూడ్డానికి వెళ్తూ నన్నూ వెంటేసుకెళ్ళారు. బయట కుండపోత. లోపల పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. ఆయన తల పైకెత్తారు. పైనుంచి ఆయన మొహం ఆయన్నే చూసి నవ్వుతోంది.

"నన్ను నెత్తిన పెట్టుకున్నారయ్యా!" అన్నారు. పాపం, మురిసిపోయారు.

అంతలో ఆయన బట్టతలమీద టప్పుమని ఒక చుక్క పడింది. ముందు వరసలో రెండు జడల పిల్ల లేచి నిలబడింది.

"అక్కడ ఉండకండి సార్. మీ ముక్కు కారుతోంది."

అధ్యక్షులవారు గబుక్కున జేబురుమాలు తీసి తుడుచుకున్నారు.

"ఈ ముక్కు కాదు సార్, పైది. నిన్నటిదాకా బాగానే ఉంది. ఇవాళే చిల్లు పడింది."

"కుడి చెవి కూడా సార్!" అని వెనక వరసలోంచి ఇంకో పిల్ల అరిచింది. "దాని కింద బకెట్టు పెట్టాం."

పిల్లలెవరూ నవ్వలేదు. ఎక్కడ కూర్చుంటే తడుస్తామో చెప్పుకోవడం వాళ్ళకు రోజూ ఉన్నదే. నేను మాత్రం నవ్వును దగ్గుగా మార్చి చాలాసేపు దగ్గాను.

టీచరమ్మ ఇదే అదనని చేతులు కట్టుకుని నిలబడింది. "అయ్యా, నాలుగు రేకులు మార్పిస్తే చాలండీ. మిగతావి మేం సర్దుకుంటాం. తడిసిన పుస్తకం ఆరేసరికి పాఠం మర్చిపోతున్నారు."

గోడవారన తాడుమీద నోటుపుస్తకాలు బట్టల్లా ఆరేసి ఉన్నాయి. రాతలు అలుక్కుపోయి, లెక్కలూ జవాబులూ కలిసిపోయాయి.

అధ్యక్షులవారు కదిలిపోయారు. "ఇకమీదట ఈ పిల్లలమీద ఒక్క చుక్క పడ్డానికి వీల్లేదు!" అని అక్కడికక్కడే శపథం చేశారు. టీచరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ, ఎందుకు అబద్ధం చెప్పాలి, గుండె చెమ్మగిల్లింది.

వారం తిరక్కుండా ఆయన మాట నిలబెట్టుకున్నారు. ముందు ఆ ఫ్లెక్సీని విప్పించేశారు, ముక్కు కారే మొహంతో పరువు పోతోందని. ఆ తర్వాత పిల్లలకు తలా ఒక గొడుగు పంచారు. ప్రతి గొడుగుమీదా ఆయన మొహమే, ఈసారి చిల్లుల్లేకుండా!

క్లాసులో నలభై గొడుగులు విప్పుకుని కూర్చున్న నలభైమంది పిల్లలు! అంత అందమైన సేవ మీరెక్కడన్నా చూశారా? ఆ ఫోటోకు అవార్డు కూడా వచ్చింది. దాని కింద "ఇక తడవవు ఈ మొగ్గలు" అని రాసింది ఈ వినయశీలే.

ఆ ఫోటో తీయబోతుండగా రెండు జడల పిల్ల నన్ను పిలిచింది.

"సార్, ఒక చేత్తో గొడుగు పట్టుకున్నా. ఇంకో చేతిలో పెన్సిలుంది. పుస్తకం జారిపోతోంది. దాన్ని దేంతో పట్టుకోవాలి?"

టీచరమ్మ నావైపే చూస్తోంది. బాధ్యతగల కార్యదర్శిని, జవాబు చెప్పక తప్పుతుందా?

"రాసుకోవడం ఎండాకాలంలో చూసుకుందువుగాని తల్లీ," అన్నాను. "ఆ గొడుగు కాస్త ఇటు తిప్పు. అయ్యగారి మొహం కనబడ్డంలేదు."