పొడుగు పలకల పడవ

ఆ ఆదివారం ఉదయం డ్రాయింగు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బావతో పడవ పందేనికి వెళ్లడం, ఎప్పటిలాగే ఆఖరున రావడం, మధ్యాహ్నానికి ఇల్లు చేరి కడుపునిండా తినడం. మూడోదే ముఖ్యం. నెల్లాళ్లుగా బావ అతని నోరు కట్టేశాడు మరి.

బావ పళ్ల డాక్టరు. రెండు సన్నటి దోనెలను పక్కపక్కన బిగించి, మధ్యలో వల పరిచిన పందెపు కాటమరాన్ ఒకటి కొన్నాడు. మూడేళ్లుగా అది ఆఖరున రావడానికి కారణం ఆయన చేతగానితనమేనని అందరికీ తెలుసు, ఆయనకు తప్ప. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయన దృష్టిలో తప్పెప్పుడూ సామానుదే. మొదట బరువు ఎక్కువైందన్నాడు. పడవను చెక్కలేక బావమరిదిని చెక్కాడు.

తీరా ఉప్పుటేటి ఒడ్డుకు చేరేసరికి పడవ మీద కొత్త తెరచాప రెపరెపలాడుతోంది. నారింజ రంగుది, పాతదానికి ఒకటిన్నర రెట్లు.

"ఇంత పెద్దదైతే గాలికి తిరగబడదా బావా?"

"అందుకే నీకు బరువుండాలి. ఎందుకలా ఎండిపోయావ్?" అని కసిరాడు డాక్టరు.

"తిండి మాన్పించింది నువ్వేగా!"

"అది పాత తెరచాప లెక్క."

నాలుగు ఉన్ని చొక్కాలు నీళ్లలో ముంచి మాస్టారికి తొడిగాడు. అంత తెరచాపకు పడవ పక్కకు జారకుండా, నీళ్లలోకి దిగే నిలువు పలకలను కూడా మార్చాడు. కొత్తవి పాతవాటికన్నా మూరెడు పొడుగు.

"మీ బావ పన్ను పీకమంటే దవడ మార్చే రకంరా," అంది గొడుగు కింద కూర్చున్న అక్క.

ఈల మోగింది. పడవలన్నీ దూసుకెళ్లాయి. వీళ్లది ఇరవై గజాలు వెళ్లి టక్కున ఆగింది. పలకలు బురదలో దిగబడ్డాయి.

"పైకి లాగు బావా!"

"కొత్తవి కదా, బిగుతు."

గాలికి స్తంభం విరుగుతుందేమోనని తెరచాప దించేశారు. అది పడవ మీద నారింజ కుప్పలా పడింది. ఆ పందెంలో చివరగా ఒడ్డు దగ్గర గుర్తుగా తేలే నారింజ రంగు గాలిబుడగను చుట్టి ముగింపు గీత దాటాలి. తిరిగొస్తున్న మొదటి పడవవాడు ఎదురెండలో కళ్లు చికిలించి, ఈ కుప్పే బుడగనుకుని చుట్టేశాడు. వెనక మిగతావన్నీ గొర్రెదాటుగా చుట్టేశాయి.

"సాయం చేయండయ్యా!" అని డాక్టరు చేతులూపాడు. ఉత్సాహపరుస్తున్నాడనుకుని వాళ్లూ ఊపారు.

గంట తర్వాత పోటెక్కి పడవ దానంతటదే తేలింది. మిగతా పడవలన్నీ ఒడ్డెక్కేసినా, పరువు కోసం డాక్టరు పందెమంతా పూర్తి చేశాడు. అసలు బుడగను చుట్టి, గీత దాటాడు.

న్యాయనిర్ణేత కాగితం చూసి గొంతు సవరించుకున్నాడు. "బుడగను చుట్టింది ఒక్క పడవే. మిగతావాళ్లు పోటీలో లేనట్టే."

డాక్టరు కప్పు అందుకుని, మైకు ముందు అరగంటసేపు సామాను ఎంపిక గురించి ఉపన్యసించాడు. రహస్యమంతా పొడుగు పలకల్లోనే ఉందన్నాడు.

"మనం బురదలో ఇరుక్కున్నాం బావా," అని గొణిగాడు మాస్టారు.

"దాన్ని నిలకడ అంటారు."

తర్వాతి ఆదివారానికి తొమ్మిది పడవలు పొడుగు పలకలు బిగించుకున్నాయి.