నీళ్ళ వేళకు మీటింగు

ఆ ఉదయం ప్రాజెక్టు ఆఫీసరు వేసుకున్న పథకం చాలా సులువైనది. ఎనిమిదికి కమిటీ మీటింగు, తొమ్మిదికి నర్సరీ, పదికి అతిథిని కారెక్కించి హాయిగా ఊపిరి పీల్చుకోవడం. ఆ అతిథి, విదేశీ సంస్థ పంపిన పరిశీలకురాలు, సరేనంటేనే మొక్కల పెంపకానికి మరో మూడేళ్ళు సాయం అందుతుంది, ఆయన ఉద్యోగమూ నిలుస్తుంది. ఆవిడ చూసేవి రెండే: మొక్కలు బతికాయా, కమిటీలో ఆడవాళ్ళ మాట చెల్లుతోందా?

ఏడున్నరకు ఆఫీసరు హాల్లోకి తొంగిచూశాడు. కుర్చీల నిండా మగవాళ్ళే, కాళ్ళు బారజాపుకుని.

"ఆడవాళ్ళేరయ్యా?"

"నర్సరీలో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు సార్. రోజూ ఈ వేళకి అదేగా పని," అన్నాడు కమిటీ అధ్యక్షురాలి భర్త, ఆవులిస్తూ.

మీటింగు వేళ నిర్ణయించిన మహానుభావుడు ఆఫీసరే. ఆడవాళ్ళను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు తల పట్టుకుని లాభమేముంది? జీపు పంపి అందరినీ ఉన్నపళంగా రప్పించాడు. అధ్యక్షురాలు దిగుతూనే కస్సుమంది.

"సగం మొక్కలు అలాగే వదిలేసొచ్చాం. ఎండిపోతే ఎవరిది పూచీ?"

అదీ నిజమే. ఆఫీసరు మగవాళ్ళకేసి తిరిగాడు. "బాబ్బాబు, ఈ ఒక్క పూటా మీరు పోయండి!"

వాళ్ళు గొణుక్కుంటూ అదే జీపెక్కారు. కాసేపటికి డ్రైవరు ఫోను చేశాడు. "నీళ్ళు సగం మొక్కలకి, సగం వీళ్ళ చెప్పులకి పోతున్నాయి సార్. ఇంకో మాట, మేడమ్ కారు నేరుగా ఇటే వచ్చేసింది!"

నర్సరీ నడిపేది ఆడవాళ్ళేనని నివేదికలో రాసింది ఆఫీసరే. అక్కడ ఇప్పుడు మందుకైనా ఒక ఆడమనిషి లేదు.

అరగంటకు పరిశీలకురాలు హాల్లోకి వచ్చింది, బూట్లకు బురదతో, వెలిగిపోతున్న మొహంతో.

"ఇరవై ఏళ్ళుగా ఊళ్ళు తిరుగుతున్నాను. ఎక్కడైనా ఆడవాళ్ళు నీళ్ళు మోస్తుంటారు, మగవాళ్ళు కుర్చీల్లో కూర్చుని తీర్మానాలు చేస్తుంటారు. ఇలా చూడటం ఇదే మొదలు!"

ఆఫీసరు "అవునండీ" అనబోయాడు. ఈలోగా అధ్యక్షురాలు లేచింది.

"అబద్ధమెందుకు మేడమ్? రోజూ మోసేది మేమే. ఇవాళ మీ కోసం మార్చారు."

ఆఫీసరు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"మరి ఇక్కడ కూర్చుని మీరేం చేశారు?" అడిగింది పరిశీలకురాలు.

"ఏం చేస్తాం? కుర్చీలు బాగున్నాయి. రేపట్నుంచి రోజు విడిచి రోజు మగవాళ్ళే నీళ్ళు పోయాలని తీర్మానం రాశాం. ఇవిగో సంతకాలు."

పరిశీలకురాలు పకపకా నవ్వింది. "మొక్కలు బతికున్నాయి, కమిటీ నిజం చెబుతోంది. నాకింకేం కావాలి?" అంటూ అక్కడికక్కడే మూడేళ్ళకూ సరేనని రాసిచ్చింది. ఆఫీసరుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అధ్యక్షురాలికి దండం పెట్టబోయి, అందరూ చూస్తున్నారని ఆగి, కళ్ళు తుడుచుకున్నాడు.

తీర్మానం మీద మగవాళ్ళ అభిప్రాయం కూడా అడుగుదామని ఆడవాళ్ళు అనుకున్నారు గానీ, పనిలో ఉన్నవాళ్ళను కదిలించడం దేనికని ఊరుకున్నారు.