గోడకు అటో లైను, ఇటో లైను

చచ్చాక సుఖపడొచ్చన్న మహానుభావుడెవడో గోదావరిఖనిలో ఒక్కనాడూ లైన్లో నిలబడి ఉండడు.

సరిహద్దులో ప్రాణాలిచ్చిన జవాన్ల ఆత్మలు ఏడాదికోసారి ఇంటికొచ్చి పోవచ్చని పైవాళ్లు దయతలచారు. వెంటనే కిందివాళ్లు 'అమర జవాన్ల ఆత్మల రాకపోకల కార్యాలయం' తెరిచారు. లేకపోతే ఆత్మలు నేరుగా ఇళ్లకు వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

అలా వచ్చిన జవాను ముత్యం పొద్దున్నే లైన్లో నిలబడ్డాడు. రెండో షిఫ్టు సైరన్ మోగితే సెలవు అయిపోతుంది (ఈ ఊళ్లో పెళ్లి ముహూర్తమైనా షిఫ్టు చూసే పెడతారు). ఆలోపు తల్లిని కళ్లారా చూడాలి. అతనికి కావలసింది అంతే.

"ఏ బాయిల పోయినవ్?" అన్నాడు కౌంటర్లో లింగమూర్తి తలెత్తకుండా. ఇక్కడ చచ్చినవాణ్ణి ఎవరినైనా ముందు గని పేరే అడుగుతారు.

"బాయి కాదు సార్. బార్డర్ల పోయిన."

"పోయినట్టు రుజువేది? మెషీన్ మీద ఏలు పెట్టు."

వేలు మెషీన్‌లోంచి కిందికి దిగిపోయింది. లింగమూర్తి దాన్ని రుజువుగా ఒప్పుకోలేదు (వేలు పడకపోవడం బతికున్నవాళ్లకూ మామూలే).

"ఇంటోళ్లెవరన్న సాక్ష్యం చెప్పాలె."

"ఆళ్లను చూసేటందుకే గద సార్ ఈ పర్మిషన్."

"గందుకే, ఆళ్లను తీస్కరా."

వెనక నిలబడ్డ అలీముద్దీన్, అదే పటాలం వాడు, మెల్లగా అన్నాడు. "గోడలకెంచి పోవచ్చు గద భాయ్. మనకేం అడ్డం?"

"లైన్ ఉన్నది గద అన్న."

తూటాకు ఎదురెళ్లినవాడికైనా లైను దాటే ధైర్యం ఊరికే రాదు.

గోడకు అవతల ఇంకో లైను ఉంది, పింఛను కోసం బతికున్నట్టు రుజువు చేసుకునేవాళ్లది. రెండింటికీ లింగమూర్తి ఒక్కడే, కుర్చీ తిప్పుకుంటాడు. ఇప్పుడు అటు తిప్పాడు. అక్కడ ముత్యం తల్లి ఐలవ్వ నిలబడి ఉంది. బొగ్గు పొయ్యి దగ్గర గీతలరిగిన ఆమె వేళ్లు కూడా పడలేదు.

"ఇంటోళ్లెవరన్న సాక్ష్యం చెప్పాలె."

"ఒక్క కొడుకు సారూ. పోయిండు."

ఆ గొంతు వినగానే ముత్యం లైను వదిలేశాడు. గోడలోంచి నడిచి ఆమె ఎదుట నిలబడ్డాడు. ఐలవ్వ జడుసుకోలేదు.

"బక్కగైనవ్ బిడ్డా. తిన్నవా?"

అతనికి ఏడుపొచ్చింది. "మా అవ్వ బతికే ఉన్నది సార్, నేను సాక్ష్యం," అన్నాడు. "నా కొడుకు సచ్చిపోయిండు సారూ, నేను సాక్ష్యం," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

చచ్చినట్టు తేలనివాడి సాక్ష్యం చెల్లదు. బతికున్నట్టు తేలనామె సాక్ష్యమూ చెల్లదు. అయినా లింగమూర్తి మనసున్న మనిషి.

"సచ్చినోనితోని మాట్లాడుతున్నవంటే నువ్వు గా లైన్లకే వస్తవ్ అవ్వ," అని ఆమెను ఇటువైపు పంపించాడు.

సైరన్ మోగింది. కానీ దరఖాస్తు తేలేదాకా ఎవరినీ పైకి పంపకూడదని రూలు. ఐలవ్వ కొడుకు పక్కన కూర్చుని సద్దిగిన్నె విప్పింది.

లైను కదలడం లేదు. ఇన్నేళ్లలో సర్కారు ఆమెకు చేసిన మేలు అదొక్కటే.