లచ్చమ్మ దగ్గుకు మూడు యాప్‌లు

రోగి నోరు మూసుకుని కూర్చుంటేనే వైద్యం సజావుగా సాగుతుంది! దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక దవాఖానలో కళ్లారా చూసి మరీ ఈ మాట చెబుతున్నాను.

ఎల్‌బీ నగర్‌లో ఉండే మా మేనత్త లచ్చమ్మకు రెండు నెలలుగా పొడిదగ్గు. మెట్రోలో ఆమె దగ్గితే చాలు, పక్క సీటు ఖాళీ. ఇంతకంటే సుఖం ఏముంటుంది? అయినా డొక్కలు నొస్తున్నాయని ఒకటే గొడవ. సరే, తీసుకెళ్లాను.

డాక్టర్ ఉపేంద్ర గారి ముందు మూడు ట్యాబ్‌లు, మూడు యాప్‌లు. లక్షణాలు టైప్ చేస్తే జబ్బేమిటో, మందేమిటో చెబుతాయి. దవాఖానకు ఏ యాప్ కొనాలో తేల్చే బాధ్యత ఆయనకు అప్పగించారు. అందుకు ఒక ఫారం. జవాబు ఎన్ని సెకన్లలో వచ్చింది? ఎన్నిసార్లు నొక్కాలి? అక్షరాలు కంటికి ఇంపుగా ఉన్నాయా? ఎంత శాస్త్రీయం! జవాబు సరైనదేనా అనే చాదస్తపు ప్రశ్న అందులో లేనే లేదు.

"దగ్గు ఎన్నాళ్ల నుంచండీ?" అని అడిగారు డాక్టర్.

"రెండు నెల్లాయె సారూ. గా మలక్‌పేటల బీపీ సూపెట్టుకున్నంక..." అని మొదలుపెట్టింది అత్త.

"ఒక్క నిమిషమమ్మా, టైమ్ నడుస్తోంది" అంటూ ఆయన టైప్ చేయడం మొదలుపెట్టారు.

చూశారా! ఆమె మాట పూర్తి కానిస్తే ఎన్ని సెకన్లు దండగయ్యేవో!

మొదటి యాప్ పదకొండు సెకన్లలో అలర్జీ అంది. రెండోది తొమ్మిదిలో ఆస్తమా అంది. మూడోది ఏడు సెకన్లలోనే ఛాతీకి స్కానింగ్ తీయమంది. ఒక్క దగ్గుకు ఇన్ని సౌకర్యాలా! మా తాతలు ఎరుగుదురా?

అత్త చేతికి బీపీ పట్టీ చుడుతున్న నర్సు యాదలక్ష్మి పాతకాలం మనిషి. ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తోంది. ఊరుకోలేక అడిగింది.

"బీపీకి ఏం గోలీ ఏస్కుంటున్నవమ్మా? ఎప్పటికెల్లి?"

"గదే చెప్పబోయిన బిడ్డా, సారు చెప్పనియ్యలే. రెండు నెలల కింద కొత్త గోలీ రాసిచ్చిండ్రు. గప్పటికెల్లే గీ దగ్గు."

డాక్టర్ గారి వేళ్లు ఆగిపోయాయి. అత్త సంచిలోంచి తీసిన గోలీల పేరు చూసి, దాన్నీ చేర్చి మళ్లీ టైప్ చేశారు. ఈసారి మూడు యాప్‌లూ ఒకే మాట చెప్పాయి. ఆ గోలీ వల్ల కొందరికి పొడిదగ్గు వస్తుందట!

"నేనే అడగాల్సిందమ్మా" అన్నారాయన, చిన్నబోయిన ముఖంతో. గోలీ మార్చి రాశారు. మూడు వారాల్లో దగ్గు పోయింది. మెట్రోలో పక్క సీటూ పోయింది.

మొన్న బీపీ చూపించడానికి మళ్లీ వెళ్లాం. ఏడు సెకన్ల యాప్‌నే కొన్నారట. అంత తెలివైన యాప్ ఉండగా గదిలో ఇంకో మనిషి ఎందుకని, మేనేజ్‌మెంట్ యాదలక్ష్మిని టోకెన్లు ఇచ్చే కౌంటర్‌కు మార్చింది. ఎంత ముందుచూపు!

ఆమె మాత్రం మారలేదు. వచ్చినవాళ్లనల్లా "ఏమేం గోలీలు ఏస్కుంటున్నరు?" అని అడిగి, టోకెన్ వెనక రాసిస్తోంది. ఇది నిబంధనలకు విరుద్ధం. ఫిర్యాదు చేద్దామని లేచాను. అత్త నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"నువ్ జర ఊకో."

లోపలికి పిలిచారు. డాక్టర్ గారు టోకెన్ వెనక్కి తిప్పి మొత్తం చదివారు. ట్యాబ్ పక్కకు జరిపారు.

"ఇంకేమన్నా ఉందా అమ్మా? చెప్పండి."

అత్త చెబుతోంది. ఆయన వింటున్నారు. పాపం, ఆ యాప్ కంపెనీవాళ్లను తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోయింది!